బాల్కనీ కుండీల్లో కూరగాయలు: పూత నిలవడం లేదు, మట్టి రాయిలా గట్టిపడుతోంది, ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

మూడో అంతస్తు (కూకట్‌పల్లి), ఆగస్టు చివరి వారం

అందరికీ నమస్కారం. మాది అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. మిద్దె మీద కుండీలు పెట్టకూడదని రూలు ఉంది, కాబట్టి నాకున్న చోటల్లా తూర్పు వైపు బాల్కనీ ఒక్కటే, పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అందులోనే వాషింగ్ మెషీన్, బట్టల తీగ. మృగశిర కార్తె వానలు పడగానే ఉత్సాహంగా ఎనిమిది అంగుళాల ప్లాస్టిక్ కుండీలు పది కొని, నర్సరీ నుంచి ఎర్రమట్టి రెండు బస్తాలు తెప్పించి, టమాటా, బెండ, వంగ, సొరకాయ అన్నీ వేశాను.

ఇప్పటి పరిస్థితి చెప్తాను. సొర తీగ గ్రిల్ అంతా పాకింది కానీ మూడంటే మూడు పిందెలు వచ్చాయి, వేలంత కూడా కాకుండానే పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. టమాటా మొక్కలు సన్నగా, పొడుగ్గా, బయటికి వంగిపోయి ఉన్నాయి, పూత వస్తుంది, కాడ దగ్గర కణుపు ఎండిపోయి తాకితే రాలుతుంది. బెండ నాలుగు కాయలు కాసి, ఆకుల ఈనెలు పసుపు రంగుకి మారాయి, ఇప్పుడు ఆకంతా పసుపే. అన్నిటికంటే బాధ మట్టితో. నీళ్ళు పోస్తే మట్టికీ కుండీకీ మధ్య సందులోంచి జారిపోయి కింద ఫ్లాట్ వాళ్ళ బట్టల మీద పడుతున్నాయి, వాళ్ళు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళారు. కుండీ లోపల చూస్తే పొడిగానే ఉంటుంది, వేలు పెడితే దిగదు.

మా అత్తయ్య పెరట్లో గింజ విసిరితే కాసేదని అంటారు. ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ మొక్కల్ని చూసి ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. పిల్లలకి మందు కొట్టని కూర కాస్త అయినా పెట్టాలని నా కోరిక. ఈ బాల్కనీలో అసలు ఏం పండుతాయి, ఎలా మొదలుపెట్టాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి గట్టు (రాజమండ్రి)

అమ్మా, మీ తప్పేం లేదు, మొదటిసారి అందరూ కొనేది ఆ ఎనిమిది అంగుళాల కుండీలే, నర్సరీ వాళ్ళు ఇచ్చేదీ ఆ ఎర్రమట్టే. నేను ఎనిమిదేళ్ళుగా బాల్కనీలోనే పండిస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఎండ సంగతి తేల్చండి. మట్టి, ఎరువు, విత్తనం ఇవన్నీ తర్వాత. ఆదివారం పొద్దున సుద్దముక్క తీసుకుని బాల్కనీ నేల మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో గంటగంటకీ గీత గీయండి, పక్కన టైం రాయండి. తూర్పు బాల్కనీ అంటే పొద్దున ఆరున్నరకి ఎండ మొదలైనా, పది, పదిన్నర అయ్యేసరికి పై అంతస్తు స్లాబు నీడ పడిపోతుంది. అంటే మీకు గట్టిగా లెక్కేస్తే నాలుగు గంటలు, అదీ గ్రిల్ పక్కన మాత్రమే. గోడ వైపు రెండు గంటలు వస్తే గొప్ప. కాయగూరలకి, అంటే టమాటా, వంగ, బెండ, సొర లాంటివాటికి రోజూ ఆరు గంటల ఎండ కావాలి. మీ టమాటా సన్నగా సాగి బయటికి వంగింది అంటే అది వెలుతురు వెతుక్కుంటోంది. ఎండ చాలని మొక్కకి ఎన్ని ఎరువులు వేసినా ఆకే పెరుగుతుంది, కాయ నిలవదు.

ఇంకో మాట, రాబోయే నెలల్లో సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. మీరు తూర్పుకి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం. ఆ చివర గోడ ఉంటే సంక్రాంతి దాకా దాని నీడ బాల్కనీలో పడుతుంది, ఎడమ చివర ఎండ బాగుంటుంది. కాబట్టి ఎండ ఎక్కువ కావాల్సిన కుండీలు ఎడమ వైపు పెట్టండి, వాషింగ్ మెషీన్ కుదిరితే కుడివైపుకి మార్చండి.

రెండోది కుండీ. మీ ఎనిమిది అంగుళాల కుండీలో పట్టేది నాలుగైదు లీటర్ల మట్టి. టమాటాకి కనీసం ఇరవై లీటర్లు ఉండాలి, అంటే పెయింట్ బకెట్ సైజు. మిర్చి, వంగ పన్నెండు, పదిహేను లీటర్లలో సర్దుకుంటాయి. సొర, గుమ్మడికి అయితే నీలం డ్రమ్ము సగానికి కోసిన తొట్టి ఉండాలి, యాభై లీటర్లకి తక్కువైతే నేను వెయ్యను. ఆ చిన్న కుండీలో మీ సొర వేరు ఎప్పుడో చుట్టలు చుట్టుకుపోయి ఉంటుంది. ఒకసారి కుండీ బోర్లించి చూడండి, మట్టి కనపడకుండా తెల్లటి వేళ్ళు కుండీ ఆకారంలో అల్లుకుని ఉంటాయి. పెయింట్ బకెట్లు ఇల్లు కట్టేచోట రంగులేసేవాళ్ళని అడిగితే ఇస్తారు, నీళ్ళ రంగు బకెట్లే తీసుకోండి, ఆయిల్ పెయింట్‌వి వద్దు. పండ్ల దుకాణంలో థర్మోకోల్ పెట్టెలు దొరుకుతాయి, ఆకుకూరలకి వాటిని మించింది లేదు.

మూడోది మట్టి. నేలలో బాగుండే ఎర్రమట్టి కుండీలో ఒక్కటే వేస్తే రోజూ నీళ్ళు పోసేసరికి దిమ్మకట్టి ఇటుకలా అవుతుంది. ఎండినప్పుడు కుంచించుకుపోయి అంచుల్లో సందు వస్తుంది, అందుకే నీళ్ళన్నీ పక్కనుంచి జారిపోతున్నాయి. ఉన్న మట్టిని పారెయ్యకండి. దాన్ని కొట్టి పొడి చేసి, ఒక వంతు మట్టి, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక వంతు వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు) గానీ బాగా మాగిన పశువుల ఎరువు గానీ కలపండి. బకెట్‌కి గుప్పెడు వేపపిండి. ఈ మిశ్రమాన్ని తడిపి పిడికిలి పడితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అట్లా ఉంటే సరిగ్గా ఉన్నట్టే. కోకోపీట్ ఐదు కిలోల దిమ్మ నానేస్తే అరవై, డెబ్బై లీటర్లు అవుతుంది, మీకు ఒక దిమ్మ చాలు.

అడుగున కంకర వెయ్యమని చాలామంది చెప్తారు. నేను కూడా మొదట్లో వేశాను. దానివల్ల నీళ్ళు బాగా దిగవు సరికదా వేరుకి దక్కాల్సిన చోటు తగ్గిపోతుంది. చిల్లు మీద కొబ్బరి పీచు ఒక ముక్క వేస్తే మట్టి పోకుండా ఆగుతుంది, అంతే చాలు.

ఓరుగల్లు ఆడపడుచు

అన్నయ్య మట్టి, ఎండ గురించి చక్కగా చెప్పారు. నేను పంటల గురించి చెప్తాను వదినా, మీకు నాలుగు గంటల ఎండ ఉందంటే మీ ఇంటికి సరిపడా ఆకుకూరలు ఖాయంగా పండుతాయి. సొర, టమాటా మీద ఆశ పెట్టుకుని ఆకుకూరల్ని చిన్నచూపు చూడకండి. బజార్లో కట్ట కొంటే సగం బురద, అదీ ఏ నీళ్ళతో పెంచారో తెలియదు, ఇంట్లో కోసిన తోటకూర పప్పులో వేస్తే ఆ రుచే వేరు.

విత్తనం కొనకుండానే మొదలుపెట్టొచ్చు. పుదీనా కట్ట తెచ్చినప్పుడు లావుగా ఉన్న కాడలు నాలుగు తీసి ఆకులు తుంచి గ్లాసు నీళ్ళలో పెట్టండి, వారంలో తెల్లటి వేళ్ళు కనపడతాయి, అప్పుడు వెడల్పు కుండీలో నాటండి. తీగ బచ్చలి కూడా అంతే, ముదురు కాడ జానెడు ముక్క మట్టిలో గుచ్చితే చాలు, మీ గ్రిల్‌కి సొర బదులు దాన్ని ఎక్కించండి, తక్కువ ఎండలో కూడా దళసరి ఆకు వేస్తుంది. పొన్నగంటి కాడలు నాటితే ఆపినా ఆగదు. మెంతులు మన పోపుల పెట్టెలోవే, ఒక పూట నానేసి చల్లితే మూడు, నాలుగు రోజుల్లో మొలకొస్తుంది, ఇరవై, ఇరవై ఐదు రోజుల్లో కోసేయొచ్చు. కొత్తిమీరకి మాత్రం ధనియాన్ని నలిపి రెండు బద్దలు చెయ్యాలి, గట్టిగా దంచితే లోపలి గింజ పోతుంది, చపాతీ కర్రతో మెల్లగా దొర్లించండి. పది రోజుల దాకా మొలక కనపడకపోయినా కంగారు పడి తవ్వి చూడకండి. ఎండాకాలంలో కొత్తిమీర వేసి బాధపడొద్దు, ఇప్పటినుంచి ఫిబ్రవరి దాకా దానికి మంచి కాలం.

తోటకూర, పాలకూర, చుక్కకూరకి ఆరేడు అంగుళాల లోతు చాలు, కానీ వెడల్పు కావాలి. గింజలు ఒక్కచోటే ఒత్తుగా పోయకుండా ఇసకలో కలిపి చల్లండి. వేరుతో పీకకుండా రెండంగుళాలు వదిలి కత్తెరతో కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, మూడు, నాలుగు కోతలు వస్తాయి. కోసిన ప్రతిసారీ గుప్పెడు వర్మీ కంపోస్టు వెయ్యండి. ముఖ్యమైన సంగతి, అన్ని పెట్టెల్లో ఒకేరోజు విత్తకండి. పది రోజులకొక పెట్టె విత్తితే ఎప్పుడూ ఏదో ఒకటి కోతకి ఉంటుంది. మా ఇంట్లో నలుగురికి ఐదు థర్మోకోల్ పెట్టెలతో వారానికి మూడుసార్లు ఆకుకూర వస్తుంది.

మీ బెండకి వచ్చింది పల్లాకు తెగులు. తెల్లదోమ వల్ల పాకుతుంది. దానికి మందు లేదు, మొక్కని పీకి కవర్లో కట్టి బయట పడెయ్యండి, కంపోస్టులో వెయ్యకండి. మిగతావాటికి ముందు జాగ్రత్తగా పసుపు రంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీయండి. వారానికోసారి లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి కాస్త కుంకుడు నురగ, సాయంత్రం పూట ఆకుల అడుగున పడేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. కొమ్మ సందుల్లో తెల్లగా దూదిలా కనపడితే అది పిండినల్లి, ఆ పక్కనే చీమలు తిరుగుతుంటాయి చూడండి, చీమల్ని ఆపితేనే పిండినల్లి తగ్గుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేస్తే మందు కంటే బాగా పనిచేస్తుంది.

పావురాలు ఉన్నాయా మీ దగ్గర? మొలక రాగానే పీకేస్తాయి. మొదటి పదిహేను రోజులు పాత దోమతెర ముక్క కప్పండి.

బెజవాడ మిద్దె

నాది మిద్దె తోట, మీది బాల్కనీ, అయినా రెండు విషయాలు చెప్పాలని రాస్తున్నాను.

ఒకటి, కోకోపీట్ మీద మరీ ఆధారపడకండి. దాన్లో ఉప్పు ఉంటుంది, చౌకగా దొరికే దిమ్మల్లో ఇంకా ఎక్కువ. నానేశాక గుడ్డలో వేసి రెండు మూడు సార్లు మంచి నీళ్ళతో కడిగి పిండాలి. నేను ఒక ఏడాది కడగకుండా వాడితే వంగ నారు అంతా ఆకుల అంచులు మాడిపోయి చచ్చింది. హైదరాబాదులో మీకు బోరు నీళ్ళయితే వాటిలో ఉప్పు ఎలాగూ ఉంటుంది, కుండీ అంచుల్లో తెల్లగా పొర కట్టడం మీరు చూసే ఉంటారు. చాలామంది వాటర్ ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్ళు వృథా ఎందుకని మొక్కలకి పోస్తారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. అవి బాల్కనీ కడుక్కోవడానికి వాడండి. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు మాత్రం భేషుగ్గా పొయ్యొచ్చు. నెలకోసారి కుండీలోంచి నీళ్ళు ధారగా బయటికి వచ్చేదాకా మంచి నీళ్ళు పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

రెండోది బరువు. ఇది మీకంటే మిద్దె మీద పెట్టాలనుకుని ఈ పోస్టు చదివేవాళ్ళ కోసం. మనుషులు తిరిగే మిద్దె స్లాబుకి చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. పద్దెనిమిది అంగుళాల గ్రో బ్యాగు (మొక్కలు పెంచే సంచి) నిండా ఎర్రమట్టి పోసి తడిపితే ఒక్కటే వంద కిలోలు దాటుతుంది. అలాంటివి చదరపు మీటరులో నాలుగు పెడితే ఎంతవుతుందో మీరే చూడండి. అందుకని పెద్ద తొట్లు స్లాబు నడుమ పెట్టకుండా దూలాలు, పిల్లర్ల మీదుగా గోడ వెంట పెట్టాలి, మట్టి తగ్గించి కంపోస్టు, ఎండాకులు ఎక్కువ వాడాలి. ఇల్లు పాతదైతే ఇంజనీరుకి చూపించకుండా మొదలుపెట్టొద్దు. ప్రతి తొట్టీ నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, అడుగున గాలి ఆడితే స్లాబు ఆరుతుంది, చెమ్మ దిగదు.

సొరకాయ పిందెలు రాలడానికి ఎండ, కుండీ కాక ఇంకో కారణం కూడా ఉంది. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, మూడో అంతస్తు బాల్కనీకి ఆ వేళ పురుగులు రావు. నేను ఏడు గంటలకి టార్చి పట్టుకుని వెళ్ళి మగ పువ్వు కోసి రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెత్తగా అద్దుతాను. ఆడ పువ్వంటే కింద చిన్న పిందె ఉండేది. అద్దిన పిందె రెండు రోజుల్లో కాస్త ఉబ్బి కిందికి వాలుతుంది, అద్దనిది పసుపెక్కి రాలుతుంది. కాకర, దోస అయితే పొద్దున్నే అద్దాలి. టమాటాకి ఈ పని అక్కర్లేదు, పూలగుత్తిని వేలితో నాలుగుసార్లు మెల్లగా తడితే చాలు.

డాలస్ గోంగూర

మాది ఇక్కడ అమెరికాలో అపార్ట్‌మెంటు ప్యాటియో, అంటే ఇంటికి ఆనుకుని ఉండే గచ్చు చోటు. ఇండియన్ స్టోర్లో గోంగూర ఎప్పుడు వస్తుందో, వచ్చినా ఎంత వాడిపోయి ఉంటుందో చెప్పలేం, అందుకే ఆరేళ్ళుగా కుండీల్లోనే వేస్తున్నాను. ఏప్రిల్ నడిమి నుంచి విత్తుతాను. పన్నెండు అంగుళాల కుండీకి రెండు మొక్కలే ఉంచి, జానెడు ఎత్తు రాగానే తల తుంచేస్తే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. సెప్టెంబరు దాటి పగలు తగ్గేకొద్దీ ఆకు తగ్గి మొగ్గ తొడుగుతుంది, ఎరువు వేసినా ఆగదు, అది దాని స్వభావం. ఆ కాయల్లో గింజలు మళ్ళీ ఏడాదికి దాచుకుంటాను. కరివేపాకు మాత్రం చక్రాల బల్ల మీద పెట్టుకున్నాను, చలి మొదలవగానే లోపల కిటికీ దగ్గరికి తోసేస్తాను. మీకు ఆ మంచు బాధ లేదు, ఆ ఒక్క అదృష్టంతోనే ఎంతో పండించొచ్చు. మొదటిసారి ఇక్కడ మా కుండీ గోంగూరతో పచ్చడి చేసి మా అమ్మకి వీడియోలో చూపిస్తే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మూడో అంతస్తు

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సుద్దగీతలు గీశాను. గ్రిల్ దగ్గర ఎడమవైపు మూడు గంటల నలభై నిమిషాలు, కుడివైపు రెండున్నర గంటలు వచ్చింది. సొర కుండీ బోర్లించాను, గోదారి గట్టు గారు చెప్పినట్టే తెల్లటి వేళ్ళు కుండీ ఆకారంలో బుట్ట అల్లినట్టు ఉన్నాయి, చూస్తే జాలేసింది.

రెండు అనుమానాలు. కింద వాళ్ళకి నీళ్ళు పడకుండా ఏం చెయ్యాలి? ఇక కాయగూరలు పూర్తిగా మానెయ్యాలా, ఒక్కటైనా కుదరదా?

గోదారి గట్టు (రాజమండ్రి)

నీళ్ళకి రెండు ఉపాయాలు. చిల్లు బకెట్ అడుగున కాకుండా పక్కన, అడుగునుంచి అంగుళం పైకి, చుట్టూ నాలుగైదు పెట్టండి. అడుగున కొంచెం నీరు నిలిచి వేరుకి అందుతుంది, ఎక్కువైంది మాత్రమే బయటికి వస్తుంది. థర్మోకోల్ పెట్టెకి చీల కాల్చి గుచ్చితే చిల్లు పడుతుంది. బకెట్ల కింద లోతైన పళ్ళాలు పెట్టండి, పెట్టెలన్నీ గ్రిల్‌కి అరడుగు లోపలికి జరపండి. పళ్ళెంలో నీళ్ళు ఉండిపోతే దోమలు పుడతాయి, రెండో రోజు దాన్ని ఎత్తి ఏదో ఒక కుండీలో పొయ్యండి. వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూసి తడి తగలకపోతేనే నీళ్ళు పోయాలి, రోజూ పోయాలని నియమం పెట్టుకోవద్దు. అడుగు ఆకులు పసుపెక్కి మట్టి తడిగా ఉంటే నీళ్ళు ఎక్కువైనట్టు, మట్టి సరిగ్గా ఉండి అడుగు ఆకులే పాలిపోతుంటే ఎరువు తగ్గినట్టు.

కాయగూరల్లో పచ్చిమిర్చి వెయ్యండి. ఎడమ చివర గ్రిల్ పక్కన రెండు బకెట్లు, బకెట్‌కి ఒక్కటే మొక్క. ఎండ కాస్త తక్కువైనా కాయ తక్కువ కాస్తుంది కానీ మానదు. టమాటా మీద ఆశ చావకపోతే చెర్రీ టమాటా ఒక్క బకెట్ వేసి చూడండి, లేదా బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ విత్తనం తెప్పించుకోండి, ఆకుముడతని తట్టుకుంటుంది. కానీ మూడున్నర గంటల ఎండలో బుట్టలు నిండవు, ముందే చెప్తున్నాను. టమాటా తీసిన మట్టిలో మళ్ళీ మిర్చి, వంగ, టమాటా వెయ్యకండి, అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్ళు మట్టిలో ఉండిపోతాయి. ఆ మట్టిని ఆకుకూరలకి వాడండి.

మూడో అంతస్తు, అక్టోబరు రెండో వారం

మళ్ళీ వచ్చాను. పండ్ల కొట్టు అబ్బాయి థర్మోకోల్ పెట్టెలు ఆరు ఊరికే ఇచ్చాడు. మా వారు ఇటుకలు తెచ్చి వరసగా పేర్చారు. పాత మట్టిని సుత్తితో కొట్టి, కోకోపీట్ మూడుసార్లు కడిగి కలిపాం, బాల్కనీ అంతా మట్టి, పిల్లలిద్దరూ మోచేతుల దాకా. మెంతులు నాలుగో రోజుకి గింజ తొడుగుని తలమీద మోసుకుంటూ లేచాయి. తోటకూర మొన్న ఆదివారం మొదటి కోత కోశాను, ఒక పెట్టెలో సరిగ్గా ఒక పూట పప్పుకి వచ్చింది. కోసిన కాడల నుంచి అప్పుడే జంట చిగుళ్ళు కనపడుతున్నాయి. ధనియాలు తొమ్మిది రోజులకి మొలిచాయి, ఎనిమిదో రోజు తవ్వి చూడబోతే మా పెద్దది చెయ్యి పట్టుకుని ఆపింది. మిర్చి నారు నాటి మూడు వారాలైంది, ఇంకా పూత లేదు, ఎదురుచూస్తున్నాను.

కింద ఫ్లాట్ ఆవిడకి ఒక గుప్పెడు పుదీనా ఇచ్చి పళ్ళాలు పెట్టామని చెప్పి వచ్చాను. నిన్న ఆవిడే పైకి వచ్చి పెట్టెలు చూసి, మాకు కూడా తూర్పు బాల్కనీయే కదా, ఆ పెట్టెలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

ఒక ప్రశ్న, బచ్చలి ఆకుల మీద గుండ్రటి ఎర్ర మచ్చలు, నడుమ తెల్లగా ఉన్నాయి, పురుగేమీ కనపడలేదు. ఇదేంటి?

ఓరుగల్లు ఆడపడుచు

ఆకుమచ్చ తెగులు వదినా, వానలు పడి ఆకు ఎప్పుడూ తడిగా ఉంటే వస్తుంది. మచ్చలున్న ఆకులు తుంచి పారెయ్యండి, నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి, అదీ పొద్దునపూట. తీగ ఒత్తుగా ఉంటే మధ్యలో రెండు కాడలు కోసి గాలి ఆడనివ్వండి. ఆ కోసిన కాడల్లో మచ్చ లేనివి ఉంటే కింద ఆవిడకి ఇవ్వండి, నాటుకుంటారు.